బొటనవేలు పెన్సిల్‌ను దాటి వెళ్తే దిద్దాలా, వదిలేయాలా?

ప్రశ్న: పటమట నుంచి ఒక తల్లి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. మొన్న ఉగాది వెళ్ళిన వారానికి ఏడేళ్ళు నిండాయి. దాని రాతను ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. అక్షరాలు గుండ్రంగానే ఉంటాయి, బోర్డు మీద రాసింది తోటి పిల్లలతో పాటే ఎక్కించుకుంటుంది. అయితే ఈ ఏడాది కొత్తగా వచ్చిన టీచరు గారు మూడు వారాలుగా ప్రతి శుక్రవారం డైరీలో ‘పెన్సిల్ పట్టు సరిచేయించగలరు’ అని ఎర్ర సిరాతో రాసి పంపుతున్నారు. తరగతి గోడకు ఒక బొమ్మ అతికించారట. బొటనవేలు, చూపుడువేలి కొసలతో పెన్సిల్‌ను పట్టుకుని, కింద నడివేలిని ఆసరాగా ఉంచిన చేయి అది. అలా కాకుండా మరెలా పట్టుకున్నా తప్పేనని పిల్లలకు చెప్పారట.

మా అమ్మాయి పట్టు ఎలా ఉంటుందో చెబుతాను. పెన్సిల్ నడివేలి మొదటి కణుపు పక్కన ఆనుతుంది, చూపుడువేలు పైన ఉంటుంది. అంతవరకు గోడ మీది బొమ్మకూ దీనికీ తేడా లేదు. బొటనవేలు మాత్రం కొసతో పెన్సిల్‌ను తాకకుండా, దాని మీదుగా అడ్డంగా దాటి వెళ్ళి చూపుడువేలిని ఆనుకుని పడుకుంటుంది. మా వారిది కూడా అచ్చంగా ఇదే పట్టు అన్న సంగతి, పెళ్ళయిన పదకొండేళ్ళకు, మొన్న ఆయన క్యాలెండరు మీద పెన్సిల్‌తో పాల లెక్క వేస్తుంటే గమనించాను.

బీసెంట్ రోడ్డులో పెన్సిల్‌కు తొడిగే రబ్బరు తొడుగు ఒకటి కొని తెచ్చి పదిహేను రోజులు వాడించాను. దానితో రాసినంతసేపూ నాలుక బయటపెట్టి, గోరు తెల్లబడేటట్టు నొక్కి రాస్తోంది. పావుగంటలో అయ్యే హోంవర్కుకు నలభై నిమిషాలు పడుతోంది. మొన్న డిక్టేషన్‌లో పది మాటల్లో నాలుగు వదిలేసి వచ్చింది. మా అత్తగారు ఆ తొడుగు తీసి పారేయమంటున్నారు. ఇప్పుడు దిద్దకపోతే ఇక ఎప్పటికీ దిద్దలేమని టీచరు గారు అంటున్నారు. ఈ పట్టు వల్ల నిజంగా చేటు ఉందా, లేక చూడటానికి వేరుగా ఉంది కాబట్టే తప్పనిపిస్తోందా? చిన్నపిల్లలకు రాత నేర్పిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

అమ్మా, నేను గుంటూరు జిల్లా పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులే నా చేతికి వచ్చాయి కాబట్టి, కొన్ని వందల మంది పిల్లల వేళ్ళను దగ్గర నుంచి చూశాను. మీరు చెప్పిన పట్టు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురికి ఉండేది. వాళ్ళలో దస్తూరి చక్కగా ఉన్నవారూ ఉన్నారు, కోడి కెలికినట్టు రాసేవారూ ఉన్నారు. మీ గోడ బొమ్మలోలా పట్టుకునే పిల్లల్లోనూ ఈ రెండు రకాలూ ఉండేవారు.

నన్నడిగితే అసలు చిక్కు అంతకుముందే మొదలవుతోంది. వెనకటి పిల్లల చేతికి మొదట వచ్చింది పలక, బలపం. కొత్త బలపం ఇచ్చిన రోజే అది కింద పడి రెండు మూడు ముక్కలయ్యేది. అంగుళంన్నర ముక్కను పిడికిలితో పట్టుకుని రాయడం కుదరదు, పిడికిట్లో అది కనిపించకుండా పోతుంది. కనుక రెండు వేళ్ళ కొసల మధ్యకు, మూడో వేలి ఆసరా మీదికి అది దానంతట అదే చేరేది. ‘ఇలా పట్టుకోరా’ అని మేము చెప్పవలసిన అవసరం చాలా తక్కువగా వచ్చేది. ఇప్పుడు మూడేళ్ళు నిండీ నిండని పిల్లవాడికి ఏడంగుళాల పెన్సిల్ ఇచ్చి, నాలుగు గీతల పుస్తకం ముందు కూర్చోబెడుతున్నాం. ఆ పెన్సిల్ తోక వెనక్కి తూగుతుంటే దాన్ని ఆపడానికి వాడు తనకు తోచిన వేలు అడ్డం పెడతాడు, ఆ వేలు ఇక అక్కడే స్థిరపడిపోతుంది.

కాస్త పక్కదారి అయినా ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. మన పూర్వులు తాటాకు మీద రాసినప్పుడు ఈ మూడు వేళ్ళ పట్టు లేనే లేదు. ఇనుప గంటాన్ని దాదాపు పిడికిలితో బిగించి పట్టుకుని, ఎడమచేతి బొటనవేలి ఆసరాతో నడిపిస్తూ, చేతిని జరపడానికి బదులు ఆకునే జరుపుకుంటూ పోయేవారు. ఆకు పొడవునా ఉండే నార వెంట గట్టిగా గీత లాగితే ఆకు చీలుతుంది. మన అక్షరాలకు ఇంత గుండ్రదనం రావడానికి అదొక కారణమని చెబుతారు. మనం ఇవాళ ఏ వేళ్ళతో చుట్టాలా అని తర్జనభర్జన పడుతున్న ఈ ‘అ’, ‘ణ’, ‘ఝ’లను వాళ్ళు పిడికిలితోనే చుట్టారు.

మీ అమ్మాయి రాత కుదురుగా ఉంది, వేగమూ ఉంది. నేనైతే ఆ తొడుగు తీసేస్తాను. మీ ఇంట్లో ఇంకా మూడు నాలుగేళ్ళ పిల్లలెవరైనా ఉంటే మాత్రం వాళ్ళకు పొడుగు పెన్సిల్ ఇవ్వకండి, అరిగిపోయిన ముక్కలే ఇవ్వండి.

జవాబు: లక్ష్మీపురం తండ్రి, గుంటూరు

మాస్టారి అనుభవం మీద గౌరవం ఉంచుకునే నేను విభేదిస్తున్నాను. మా అబ్బాయిది సరిగ్గా ఇదే పట్టు. పదో తరగతి వరకు మాకూ ఏ ఇబ్బందీ కనిపించలేదు, అందరూ దస్తూరి బాగుందన్నారు. ఇంటర్మీడియట్‌లో చేరి మూడేసి గంటల పరీక్షలు వరుసగా రాయడం మొదలుపెట్టాక, గంటన్నర దాటేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టేది. పెన్ను బల్ల మీద పెట్టి, చేయి దులుపుకుని, మళ్ళీ అందుకునేవాడు. ఒకసారి భౌతికశాస్త్రం జవాబు పత్రం ఇంటికి తెచ్చినప్పుడు చివరి రెండు పేజీల్లో తాను రాసింది తానే కూడబలుక్కుని చదివాడు. పదిహేడేళ్ళ వయసులో పట్టు మార్చబోతే సంతకం కూడా కుదరలేదు, నెల తిరగకుండానే మానేశాడు.

చిన్నప్పుడు ఒక్క టీచరైనా ఇలా డైరీలో రాసి పంపి ఉంటే బాగుండేదని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం. రెండో తరగతి హోంవర్కు చూసి ఇబ్బంది లేదని తేల్చవద్దని నా మనవి.

జవాబు: ఆక్యుపేషనల్ థెరపిస్టు, విజయవాడ

నేను చేతిరాత ఇబ్బందులున్న పిల్లలతో పనిచేస్తాను. పాప రాస్తుండగా చూడకుండా తీర్పు చెప్పడం సరికాదు గానీ, మీరు వర్ణించిన తీరును బట్టి కొన్ని విషయాలు చెప్పగలను.

గోడ మీది బొమ్మలో ఉన్నదాన్ని డైనమిక్ ట్రైపాడ్ అంటారు. మీ పాపది లాటరల్ ట్రైపాడ్. ఈ రెండింటిలోనూ నడివేలి బదులు ఉంగరపు వేలు కింద ఆసరాగా ఉండి, నాలుగు వేళ్ళు పనిచేస్తే వాటిని క్వాడ్రుపాడ్ అంటారు. ఈ నాలుగింటినీ పెద్దయ్యాక నిలిచే పరిణత పట్టులుగానే లెక్కిస్తున్నారు. 2012లో ప్రచురితమైన కెనడా అధ్యయనం ఒకదానిలో, నాలుగో తరగతి పిల్లలు 120 మందితో పది నిమిషాలు ఏకబిగిన రాయించి, అంతకుముందూ ఆ తర్వాతా వాళ్ళ రాతను పోల్చి చూశారు. ఈ నాలుగు పట్టుల మధ్య వేగంలో గానీ, అక్షరాల స్పష్టతలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి బొటనవేలు అడ్డంగా ఉందన్న ఒక్క కారణంతో దిద్దవలసిన అవసరం లేదు.

దిద్దవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఆరేళ్ళు వచ్చినా పిడికిలితోనే పట్టుకుంటున్నా, రాసేటప్పుడు చూపుడువేలి కణుపు లోపలికి కుంగిపోతున్నా, చేయి నొప్పి అంటూ రాత పని తప్పించుకుంటున్నా తప్పక చూపించాలి. మూడేళ్ళ పిల్లల విషయంలో మాస్టారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. పుట్టినప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఒక్కటి కూడా ఎక్స్‌రేలో కనిపించదు, అప్పటికి అవన్నీ మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ, ఆఖరిది ఎముకగా మారడం మొదలయ్యేసరికి తొమ్మిదేళ్ళు దాటడం మామూలే. అటువంటి చేతికి పేజీలకు పేజీలు రాత పని పెట్టే కన్నా చింతపిక్కలు ఏరించడం, బంకమన్ను పిసికించడం, అమ్మ పక్కన కూర్చుని ముగ్గు పెట్టనివ్వడం మేలు. రెండు వేళ్ళ మధ్య నుంచి ముగ్గుపిండిని సన్నగా, తెగకుండా వదలడానికి ఏ కండరాలు పనిచేస్తాయో, అక్షరం తిప్పడానికీ అవే కావాలి.

లక్ష్మీపురం వారి అబ్బాయి నొప్పిని నేను తక్కువ చేసి చూడటం లేదు. బొటనవేలు అడ్డంగా పడినప్పుడు దానికీ చూపుడువేలికీ మధ్య ఉండే ఖాళీ మూసుకుపోతుంది, వేళ్ళ కదలిక తగ్గి ఆ పని మణికట్టు మీద పడుతుంది. దానికి తోడు గట్టిగా నొక్కి రాసే అలవాటు కూడా ఉంటే నొప్పి రావడంలో వింత లేదు. నా అనుభవంలో మొదట తగ్గించవలసింది ఆ నొక్కుడే. బాల్ పెన్ను మానిపించి, తేలిగ్గా జారే జెల్ పెన్ను ఇస్తేనే చాలామందికి సగం బాధ తగ్గుతుంది.

మీ పాప ఎంత నొక్కుతోందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రాసే కాగితం కింద నాలుగైదు తెల్ల కాగితాలు పెట్టి, ఏమీ చెప్పకుండా అర పేజీ రాయించండి. తర్వాత ఒక్కొక్క కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, అచ్చు ఎన్నో కాగితం దాకా దిగిందో చూడండి. రబ్బరు తొడుగుతో ఒకసారి, అది లేకుండా ఒకసారి చూస్తే తేడా మీకే అర్థమవుతుంది. అలాగే పాప ఎక్కడ కూర్చుని రాస్తోందో కూడా చూడండి. పాదాలు గాలిలో వేలాడుతుంటే, ఒళ్ళు నిలదొక్కుకోవడానికి వాడవలసిన బలం వేళ్ళలోకి వచ్చి చేరుతుంది.

జవాబు: లక్ష్మీపురం తండ్రి, గుంటూరు

జెల్ పెన్ను సంగతి మా వాడితో చేయించి చూస్తాను, ధన్యవాదాలు. కానీ ఆ అధ్యయనంలో రాయించింది పది నిమిషాలే కదా. మా వాడికి కూడా మొదటి గంటలో ఏ నొప్పీ ఉండేది కాదు. మన పిల్లలు రాసేవి మూడు గంటల పరీక్షలు, వాటికి ఆ ఫలితం ఎంతవరకు వర్తిస్తుందో నాకు ఇంకా సందేహమే.

జవాబు: దస్తావేజు లేఖరి, గుంటూరు

పిల్లల చదువుల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, నొప్పి సంగతి తెలుసు. 1998 చివర్లో కార్డ్ విధానం పేరుతో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చేనాటికి నేను పన్నెండేళ్ళుగా స్టాంపు కాగితాల మీద చేత్తోనే దస్తావేజులు రాస్తున్నాను. మంచి ముహూర్తాలున్న నెలల్లో పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా క్రయ దస్తావేజులే. నాలుగు హద్దులు, విస్తీర్ణం, పాత దస్తావేజుల నంబర్లు, ఇందులో ఎక్కడా కొట్టివేత ఉండకూడదు. ఉంటే దాన్ని మళ్ళీ వివరంగా రాయాలి, పార్టీలు కోప్పడతారు. రెండో ఏడాదికే నా నడివేలి మీద కాయ కాచింది, బొటనవేలు బిగుసుకుపోయేది.

మా పక్క బల్ల మీద రాసే పెద్దాయన ఒక రోజు నా చేతిలోంచి పెన్ను తీసుకుని, చూపుడువేలికీ నడివేలికీ మధ్య ఉన్న సందులో దూర్చి, ఇక బొటనవేలు ఊరికే తోడుగా ఉంచమని చెప్పారు. మొదటి వారం రోజులు నా రాత నాకే పరాయిగా కనిపించింది. తర్వాత ఆ సందే పెన్నును మోయడం మొదలుపెట్టింది, బొటనవేలితో బిగించే పని తప్పింది. ఇప్పటికీ అలాగే రాస్తాను. చూసినవాళ్ళు పొరపాటున సిగరెట్టు అనుకుని నవ్వుతారు. లక్ష్మీపురం వారి అబ్బాయి ఇది ఒకసారి ప్రయత్నించవచ్చు. పదిహేడేళ్ళకు పట్టు కుదరదన్నారు, నాకు అప్పటికి ఇరవై ఆరు. అవసరం పడితే కుదిరింది.

జవాబు: ఆక్యుపేషనల్ థెరపిస్టు, విజయవాడ

లేఖరి గారు చెప్పిన పట్టును బొటనవేలి కీలు నొప్పి ఉన్నవారికి మేము కూడా నేర్పుతుంటాము. మూడు గంటల పరీక్ష గురించిన ప్రశ్న న్యాయమైనదే, ఆ అధ్యయనం ఫలితాన్ని అంత దూరం లాగకూడదు. అందుకే పట్టు పేరును కాకుండా నొప్పిని గమనించమంటున్నాను. నొప్పి మొదలైతే ఏ వయసులోనైనా మార్చుకోవచ్చు. నొప్పి లేని ఏడేళ్ళ బిడ్డకు ముందుగానే మారిస్తే, అక్షరాల మీద ఉండవలసిన ధ్యాసంతా వేళ్ళ మీదికి పోతుంది. డిక్టేషన్‌లో నాలుగు మాటలు జారిపోయింది అందుకే కావచ్చు.

ప్రశ్న అడిగిన తల్లి మళ్ళీ

అందరికీ ధన్యవాదాలు. కాగితాల పరీక్ష చేశాము. తొడుగుతో రాసినప్పుడు అచ్చు నాలుగో కాగితం దాకా దిగింది, తొడుగు లేనప్పుడు రెండో కాగితం మీదే ఆగిపోయింది. అది రాసుకునేది మా భోజనాల బల్ల దగ్గర, కాళ్ళు నిజంగానే గాలిలో ఊగుతున్నాయి. ఇప్పుడు కింద పీట వేశాను.

నిన్న ఆ కాగితాలు పట్టుకుని బడికి వెళ్ళాను. టీచరు గారు వాటిని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, ఒక్కొక్కటీ వంచి చూశారు. దసరా సెలవుల దాకా పట్టు గురించి డైరీలో రాయనని చెప్పారు, అయితే పాప మధ్యలో పెన్సిల్ దింపి చేయి దులుపుకుంటోందేమో తాను గమనిస్తూ ఉంటానన్నారు. లక్ష్మీపురం వారు రాసింది ఆవిడకు చదివి వినిపించాను కాబట్టే ఆ మాట అన్నారనుకుంటాను.

రబ్బరు తొడుగును మా అమ్మాయి తీసుకువెళ్ళి వాళ్ళ నాన్న పాల లెక్క పెన్సిల్‌కు తొడిగింది. ఆయన ఒక్క పూట రాసి, మర్నాడు పొద్దున ఊడదీసి బల్ల మీద పెట్టారు.