కన్యాశుల్కం మీద బుక్ రిపోర్ట్: కథ రాసేసరికే పదాలు అయిపోతున్నాయి

ప్రశ్న: బీఏ తెలుగు అసైన్‌మెంట్‌కి గురజాడ నాటకం కన్యాశుల్కం తీసుకున్నాను. పరిమితి 1,500 పదాలు. 1,100 కథకే పోయాయి. ‘ఇది సారాంశం, రిపోర్ట్ కాదు’ అని మేడం తిప్పి ఇచ్చారు. ఏం తీసేయాలండీ?

జవాబు: కథని 300 పదాలకు దించెయ్యండి. మేడంకి కథ తెలుసు. ఏడు అంకాలూ వరసగా చెప్పక్కర్లేదు, మీ వాదనకి ఎంత కథ కావాలో అంతే చాలు. అందుకే ముందు వాదన తేల్చుకోవాలి. ఒక్క వాక్యంలో రాయలేకపోతే అది ఇంకా తేలనట్టే.

‘కన్యాశుల్కం గొప్ప సాంఘిక నాటకం’ అనేది వాదన కాదు, దాన్ని ఎవరూ కాదనరు. ‘సుబ్బి పెళ్లిని తప్పించింది సంస్కరణ ఉపన్యాసాలు కాదు, కరటకశాస్త్రి పన్నిన ఎత్తు’ అనండి. (ముసలి లుబ్ధావధాన్లకి డబ్బు కోసం కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బి, ఆమె మేనమామ కరటకశాస్త్రి.) కాదనడానికి వీలుంది కాబట్టి రుజువులు చూపాల్సి వస్తుంది.

బండివాడికి నేషనల్ కాంగ్రెస్ మీద రెండు గంటలు లెక్చరిస్తే, వాళ్ల ఊరి హెడ్డు కానిస్టేబుల్ బదిలీ ఎప్పుడని అడిగాడంటాడు సంస్కరణ కబుర్లు చెప్పే గిరీశం. ఉపన్యాసం జనానికి ఎక్కలేదనడానికి అదొక రుజువు. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లకి పెళ్లి చేయడం రెండోది. మూడోదిగా మీ వాదనకి అడ్డొచ్చేదే పెట్టండి: సౌజన్యారావు పంతులు. సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మని పూనా విడోస్ హోంకి పంపించేది సంస్కర్త అయిన ఆయనే కదా! మరి మీ మాట ఎంతవరకు నిలుస్తుంది? నా లెక్కలో మంచి మార్కులు పడేది ఈ పేరాకే.

ఈ మూడింటికీ కలిపి 850 పదాలు, పరిచయానికి 150, చివర మీ అంచనాకి 200. ఒక్కో రుజువు దగ్గర సందర్భం రెండు వాక్యాల్లో చెప్పి, రెండు లైన్లకి మించకుండా ఉల్లేఖన ఇచ్చి, దాన్నుంచి ఏం తేలిందో నాలుగైదు వాక్యాలు రాయండి. ఉల్లేఖన పెట్టేసి ముందుకెళ్లిపోతే అది అతికించిన ముక్కలా మిగిలిపోతుంది.

మరొకరి జవాబు: సంవత్సరాల దగ్గర జాగ్రత్తండీ. తొలి ప్రదర్శన 1892, తొలి ముద్రణ 1897. మనం మామూలుగా చదివేది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 కూర్పు. పరిచయంలో 1897 అని రాసి, ఉల్లేఖనలు 1909 పాఠం నుంచి ఇస్తే పొసగదు. మీ చేతిలో ఉన్న ప్రతి ఎవరు వేశారో, ఏ సంవత్సరం ముద్రణో రాయండి. పేజీ నంబర్లు ముద్రణకో తీరుగా ఉంటాయి కాబట్టి పక్కనే అంకం, స్థలం (రంగం) కూడా వెయ్యండి.

ప్రశ్న: ఉల్లేఖనల్లో ‘యిచ్చి’ లాంటివి ‘ఇచ్చి’గా దిద్దవచ్చా?

జవాబు: వద్దు. ఆ నాటకంలో ఒక్కో పాత్రది ఒక్కో మాటతీరు, దిద్దితే అదే పోతుంది. ఉన్నదున్నట్టు రాయండి, మధ్యలో వదిలేసిన చోట మూడు చుక్కలు పెట్టండి. గైడులోంచి ఎత్తిన ఉల్లేఖనైతే పుస్తకం తెరిచి అక్షరం అక్షరం సరిచూశాకే రిపోర్టులోకి ఎక్కించండి.