చర్చ: శుక్లం ఆపరేషన్‌కు మల్టీఫోకల్ లెన్స్ కొనాలా, మామూలుది సరిపోదా?

చౌరస్తా_హన్మకొండ:
ఆపరేషన్ రాసినంక కౌన్సెలింగ్ గదిల ఒక కాగితం ముందల పెడుతున్నరు. శుక్లం తీసినంక కంట్ల పెట్టే లెన్స్‌ల పేర్లు దాని మీద: మోనోఫోకల్ (ఒక్క దూరానికే), ఈడాఫ్ (దూరం నుంచి మధ్యదాకా), ట్రైఫోకల్ (మూడు దూరాలకు, ఇది మల్టీఫోకల్‌ల ఒక రకం), వాటికే మళ్ల టోరిక్ (కంటి వంపుల తేడాను గూడ సరిచేసేది). మొదటిదానికీ చివరిదానికీ ధర రెట్లల్ల తేడా. ‘కండ్లద్దాలే అక్కర్లేదు’ అని ఖరీదు దాని గురించే ఎక్కువ చెప్తరు. నేననేది సూటిగనే అంటున్న: అరవై దాటినోళ్లకు, అందుల షుగర్ ఉన్నోళ్లకు మోనోఫోకల్ మించి అక్కరలేదు. చదువుకునే అద్దం రెండు మూడు వందలకు దొరుకుతది. కాదంటే ఎందుకో చెప్పుండ్రి.

ఫేకో_కరీంనగర్:
షుగర్ సంగతిలో మీతోనే ఉన్నాను, వయసు సంగతిలో కాదు. మోనోఫోకల్‌కు ఫోకస్ ఒక్కచోటే. దాన్ని దూరానికి పెడితే, 40 సెంటీమీటర్ల దగ్గర పేపరు చదవడానికి +2.50 దాకా అద్దం కావాలి. ఫోన్, మందు సీసా మీది అక్షరాలు, బియ్యంలో రాళ్లు, అన్నీ అద్దంతోనే. చాలామంది బైఫోకల్ చేయించుకుంటారు. దాంతో మెట్లు దిగితే కింది భాగంలోంచి మెట్టు మసకగా కనబడి అడుగు తప్పుతుంది. 75 ఏళ్ల వయసులో తుంటి విరిగితే ఆ ఖర్చు ముందు లెన్స్ ఖర్చు ఎంత? కంటి వెనక భాగం శుభ్రంగా ఉండి, అద్దం వద్దనే మనిషికి ట్రైఫోకల్ మంచి సాధనమే. దూరం, 60–80 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు, మూడూ అందుతాయి.

అద్దాల_మేడమ్:
అందుతయి సార్, ఊరికే అందవు. ఆ లెన్స్ మీద సన్నని వలయాలుంటయి. కంట్లోకి వచ్చిన వెలుగును అవి పంచుతయి. దూరానికి సుమారు సగం, మిగిలింది మధ్యకూ దగ్గరకూ, కొంత ఎటూ కాకుండ పోతది. అందుకే మసక వెలుతురుల అక్షరం పలుచబడ్డట్టు కనబడతది, రాత్రి ప్రతి హెడ్‌లైటు చుట్టు వలయం కనబడతది. కొన్ని నెలల్ల మెదడు అలవాటు పడతదనేది నిజమే, కని అందరికీ పడదు. రాత్రి సర్వీసు తోలే బస్సు డ్రైవర్‌కు, భూపాలపల్లి గనుల రాత్రి షిఫ్టు చేసేటోనికి ఇది పెట్టద్దు.

షుగర్‌తోని రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతిన్నోళ్లకు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నోళ్లకు, మాక్యులా (రెటీనా నడిమి భాగం) అరిగినోళ్లకు అసలే వద్దు. వాళ్లకు వెలుగు నీడల తేడాలను పట్టే శక్తి ముందే తగ్గి ఉంటది, ఉన్నదాన్ని మళ్ల పంచుడేంది? షుగర్ ఉన్నంత మాత్రాన కాదు చౌరస్తా అన్నా, రెటీనా చూసి చెప్పాలె. ఓసీటీ అనే రెటీనా స్కాన్ గూడ తీయాలె. అది తీయకుండ మల్టీఫోకల్ అమ్మితే అది వైద్యం కాదు, బేరం.

కాజీపేట_బయోమెట్రీ:
మీరు లెన్స్ పేర్ల దగ్గరే కొట్లాడుతున్నారు. ఆపరేషన్ చక్కగా జరిగినా మనిషి చూపు బాలేదనడానికి పెద్ద కారణం కొలత. కంటి పొడవు సగటున 23.5 మి.మీ. ఉంటుంది. అందులో 1 మి.మీ. తప్పితే పవర్ రెండున్నర నుంచి మూడు డయాప్టర్లు (లెన్స్ పవర్ కొలత) తప్పుతుంది. ప్రోబ్‌ను కార్నియాకు (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) తాకించి శబ్దతరంగాలతో తీసే ఏ–స్కాన్‌లో చెయ్యి కాస్త నొక్కుకుంటే కన్ను పొట్టిగా వస్తుంది, లెక్క ఎక్కువ పవర్ చూపిస్తుంది, చివరికి మనిషికి మైనస్ మిగులుతుంది, అంటే దూరం మసకగా ఉంటుంది. వెలుగు కిరణంతో కొలిచే ఆప్టికల్ బయోమీటర్ కంటిని తాకదు, తప్పు తక్కువ. కానీ ముదిరి గోధుమరంగుకో తెలుపుకో తిరిగిన శుక్లంలోంచి దాని కిరణం పోదు. అప్పుడు మళ్లీ ఏ–స్కానే దిక్కు.

రెండోది కార్నియా వంపు. కన్ను పొడిబారి ఉంటే పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తుంది. రెండు మూడు వారాలు చుక్కలు వేసి మళ్లీ కొలవాలి. పత్తి, మిర్చి చేలల్లో ఎండకూ దుమ్ముకూ పనిచేసేవాళ్లలో తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మన దగ్గర తరచూ చూస్తాం. అది కార్నియాను లాగి వంపు మార్చేస్తుంది. కండ పెద్దదైతే ముందు దాన్ని తీసి, కొలతలు కుదురుకున్నాక శుక్లం చెయ్యాలి. కండను అలాగే ఉంచి ఖరీదైన లెన్స్ వేస్తే డబ్బు దండగ.

చౌరస్తా_హన్మకొండ:
టోరిక్ సంగతేంది మరి? అది గూడ బేరమేనా?

కాజీపేట_బయోమెట్రీ:
కాదన్నా. కార్నియాలో సిలిండర్ (వంపు ఒక దిక్కు ఎక్కువ, ఇంకో దిక్కు తక్కువ ఉండడం) 1.25 డయాప్టర్లు దాటితే టోరిక్‌కు పెట్టిన డబ్బు మల్టీఫోకల్‌కు పెట్టినదానికంటే గట్టిగా పనికొస్తుంది. అయితే అది నిర్ణయించిన కోణంలోనే కూర్చోవాలి. 1 డిగ్రీ తిరిగితే దాని పనిలో సుమారు 3 శాతం పోతుంది, 10 డిగ్రీలకు మూడో వంతు, 30 డిగ్రీలకు మొత్తం. పడుకుంటే కన్ను కొంచెం తిరుగుతుంది కాబట్టి కంటి మీద ఆ కోణం గుర్తు మనిషిని కూర్చోబెట్టి పెట్టాలి, బల్ల మీద పడుకోబెట్టాక కాదు. లెన్స్ తిరిగిందని తేలితే మొదటి రెండు మూడు వారాల్లోనే సరిచెయ్యడం తేలిక. తర్వాత సంచి (కంట్లో లెన్స్ కూర్చునే పలుచని పొర) దాన్ని పట్టేస్తుంది.

మగ్గం_సిరిసిల్ల:
ఒక డౌటు. పొర మంచిగ పండినంకనే తీయాలని మా దిక్కు పెద్దలు అంటరు. సర్కార్ దవాఖానల పెద్ద కోత పెడుతరు, ప్రైవేటుల లేజర్‌తోని తీస్తరు, అదే మంచిదని గూడ అంటరు. నిజమేనా?

ఫేకో_కరీంనగర్:
పండేదాకా ఆగడం పాతకాలపు పద్ధతికి పనికొచ్చేది, ఇప్పుడు నష్టం. పని చేసుకోవడానికి చూపు అడ్డమొచ్చినప్పుడే తీయించుకోవాలి. ముదిరేకొద్దీ గట్టిపడుతుంది, పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ శక్తి ఎక్కువ కావాలి, ఆ దెబ్బకు కార్నియా లోపలి పొర కణాలు చస్తాయి. అవి మళ్లీ పుట్టవు. మరీ ఆగితే శుక్లం ఉబ్బో, కారో కంటి ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు కన్నెర్రబడి, తలనొప్పితో, వాంతులతో వస్తారు.

కోత గురించి: ఫేకోలో (అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి తీసే పద్ధతి) 2.2 నుంచి 2.8 మి.మీ., కుట్టులేని చేతి పద్ధతిలో 6 నుంచి 7 మి.మీ. రెండోదాన్ని తక్కువగా చూడొద్దు. రాయిలా గట్టిపడ్డ శుక్లానికి చెయ్యి తిరిగిన డాక్టరు చేస్తే ఫలితం ఫేకోకు దగ్గరగానే ఉంటుంది, సిలిండర్ కొంచెం ఎక్కువ రావచ్చు. ఇక లేజర్: జనం లేజర్ అనేది చాలాసార్లు ఫేకోనే, అందులో లేజర్ లేదు. ఫెమ్టో లేజర్ వేరే ఉంది. బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో పెద్ద ట్రయల్స్ చేస్తే మామూలు ఫేకో కంటే దాంతో చూపు మెరుగైనట్టు తేలలేదు. దానికి అదనంగా కట్టకండి.

ప్రోస్టేటుకు టామ్సులోసిన్ మాత్ర వేసుకునే మగవాళ్లు ముందే చెప్పండి. అది కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను (ఐరిస్) వదులు చేస్తుంది, ఆ పొర కోత దగ్గరికి జారుతుంది. ముందు రోజు మానేసినంత మాత్రాన లాభం ఉండదు. డాక్టరుకు తెలిస్తే తయారుగా ఉంటారు.

అద్దాల_మేడమ్:
ఎవ్వరూ చెప్పని దారి ఒకటుంది. మోనోఫోకల్‌నే దగ్గరకు పెట్టచ్చు. మెట్‌పల్లి, నిజామాబాద్ దిక్కు బీడీలు చుట్టే అక్కలకు పొద్దంత చూపు ఒళ్లో ఉన్న చేట మీదనే. వాళ్లకు మైనస్ 2 మిగిలేటట్టు లెన్స్ ఎంచితే 50 సెంటీమీటర్ల దగ్గర అద్దం లేకుండ కనబడతది, దూరానికి అద్దం పెట్టుకుంటరు. ఖర్చు మామూలు లెన్స్‌దే. లేకుంటే ఒక కన్ను దూరానికి, రెండోది మైనస్ 1.25కు, అంటే 80 సెంటీమీటర్లకు పెడితే, మగ్గం ముందట నిలబడేటోళ్లకు సరిపోతది. పుట్టుకతోనే దూరం మంచిగ కనబడ్డోళ్లకు మాత్రం ముందే అద్దాలతోని తొడిగి చూపియ్యాలె, నచ్చకపోతే వద్దు.

చౌరస్తా_హన్మకొండ:
ఇది మంచిగున్నది. కని కౌన్సెలింగ్ కాగితంల ఈ లైను ఎన్నడూ కనబడది.

ఫేకో_కరీంనగర్:
అదనపు బిల్లు ఉండదు కదా మరి! మేడమ్ మాట నిజమే. అయినా అద్దం అసలే వద్దనేవాళ్లకు ట్రైఫోకల్ అన్న నా మాట వెనక్కి తీసుకోను.

ఇంకొకటి, మల్టీఫోకల్ వేయించుకున్నవాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. కొన్ని నెలలకో, ఏళ్లకో లెన్స్ వెనక సంచి మసకబారుతుంది. అది లెన్స్ పాడవడం కాదు, శుక్లం తిరిగి రావడమూ కాదు. యాగ్ లేజర్‌తో సంచికి చిన్న కిటికీ తెరిస్తే చాలు, నిమిషాల పని. కానీ చూపు మొదటి రోజునుంచే నచ్చలేదంటే తొందరపడి యాగ్ చేయించుకోవద్దు. సంచి తెరిచాక లెన్స్ మార్చడం చాలా కష్టం, విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) ముందుకొస్తుంది. ముందు మిగిలిన పవర్, కంటి పొడి, మాక్యులా వాపు చూడాలి. అన్నీ బాగుండి, ఇబ్బంది లెన్స్‌దేనని తేలితే మార్చాలా వద్దా అనేది తేల్చుకున్నాకే యాగ్.

మగ్గం_సిరిసిల్ల:
ఆపరేషన్ అయినంక దేనికి భయపడాలె సార్?

కాజీపేట_బయోమెట్రీ:
మొదటి రెండు మూడు రోజులు మట్టి పడ్డట్టు గీరుకోవడం, నీళ్లు కారడం మామూలే. మొదటి వారంలో నొప్పి పెరుగుతూ, ఎరుపెక్కుతూ, చూపు తగ్గుతూ పోతే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు, ఆపరేషన్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి, వాళ్లు లేకపోతే వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి. స్టెరాయిడ్ చుక్కలు వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు వేస్తారు, బాగుందని మధ్యలో ఆపొద్దు. డిశ్చార్జి కాగితం మీద లెన్స్ పేరు, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ అంటిస్తారు. అది లేకపోతే అడిగి తీసుకోండి. రెండో కన్నుకు పవర్ లెక్కవేసేటప్పుడు మొదటి కన్ను ఎంత తప్పిందో తెలుసుకోవడానికి అది కావాలి.