జోషు అన్న ‘ము’ తెలుగులో ‘లేదు’ కావాలి

జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయపు కథల్లో పేరున్న ‘ము’ అనే మాటను తెలుగులో ఏమనాలి అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ‘శూన్యం’ అని ఇద్దరు, ‘కాదు’ అని ఒకరు, ‘ము’ అనే ఉంచేయండి అని మరొకరు చెప్పారు. నా ఓటు ‘లేదు’కి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

కథ చాలా చిన్నది. జావోజౌ (778–897) చైనా గురువు, జపాన్‌లో ఆయన్నే జోషు అంటారు. ఒక భిక్షువు వచ్చి “కుక్కకు బుద్ధస్వభావం (బుద్ధుడు కాగల తత్వం) ఉందా, లేదా?” అని అడిగాడు. జోషు “లేదు” అన్నాడు. అంతే. 1228లో ఉమెన్ హుయికాయ్ 48 కథలు కూర్చి వ్యాఖ్యానం రాసినప్పుడు మొట్టమొదట పెట్టింది దీన్నే. జపాన్‌లో ‘ముమోన్‌కాన్’ అనేది ఆ పుస్తకాన్నే.

చైనీస్ మూలంలో ప్రశ్న ఎలా ఉందో చూడండి. మధ్యలో ‘యౌ’, అంటే ఉంది. చిట్టచివర ‘ఊ’, అంటే లేదు. జపనీయులు ‘ము’ అని పలికేది ఈ అక్షరాన్నే. భిక్షువు ప్రశ్న ఏ మాటతో ముగిసిందో గురువు జవాబు కూడా ఆ మాటే. “బియ్యం ఉన్నాయా, లేవా?” అంటే “లేవు” అని మనం ఇంట్లో రోజూ చెప్పుకునే తీరు అచ్చం ఇదే. ‘కాదు’ అని పెడితే ఈ పొందిక పోతుంది. ‘కాదు’ అనేది “అది కుక్క కాదు, నక్క” అనేటప్పటి మాట. దానికి చైనీస్‌లో ‘ఫెయ్’ అని వేరే మాట ఉంది. ఇంగ్లీషులో ‘నో’ ఒక్కటే రెండు చోట్లా సరిపోతుంది కాబట్టి ఈ కథను ఇంగ్లీషులో చదివినవాళ్లకి తేడా కనబడదు. తెలుగుకి ఆ తేడా పుట్టుకతోనే ఉంది. దాన్ని చేతులారా వదులుకోవడం నాకు నిజంగా బాధ.

ఇక ‘శూన్యం’. సంస్కృతంలోని శూన్యానికి చైనా అనువాదకులు ‘ఖోంగ్’ అనే మాట వాడారు. జోషు ఆ మాట అనలేదు. పైగా ఉమెన్ తన వ్యాఖ్యానంలోనే గట్టిగా హెచ్చరించాడు: దీన్ని వట్టి శూన్యంగా తీసుకోవద్దు, ఉంది-లేదుల లెక్కలోకీ తీసుకోవద్దు, ఎర్రగా కాలిన ఇనుపగుండు మింగినట్టు ఉండాలి, కక్కుదామన్నా రాకూడదు.

“ఉంది-లేదుల లెక్క వద్దన్నాక ‘లేదు’ అని ఎలా రాస్తారు?” అని అడగవచ్చు. చెవిలో ‘లేదు’ పడితేనే ఆ హెచ్చరికకు పని ఉంటుంది. ‘శూన్యం’ అనగానే మనం దాన్ని ఒక సిద్ధాంతం కింద జమ కట్టేసి నిశ్చింతగా కూర్చుంటాం. గుండు చల్లారిపోతుంది.

జెన్ సంప్రదాయం తన భారతీయ గురుపరంపరలో పద్నాలుగోవాడిగా చెప్పుకునే నాగార్జునుడు, మన నాగార్జునకొండ పేరులో ఉన్న ఆచార్యుడు, మూలమధ్యమకకారిక 15వ ప్రకరణంలో ఈ మాటే అన్నాడు:

అస్తీతి శాశ్వతగ్రాహో నాస్తీత్యుచ్ఛేదదర్శనమ్ ।
తస్మాదస్తిత్వనాస్తిత్వే నాశ్రయేత విచక్షణః ॥

‘ఉంది’ అంటే శాశ్వతమని పట్టుకోవడం, ‘లేదు’ అంటే అంతా నశించిందని చూడడం. కాబట్టి తెలిసినవాడు ఆ రెంటినీ ఆశ్రయించడు. శ్లోకం ఈ సంగతిని వివరించి చెబుతుంది. జోషు వివరించడు, ఆ రెండు మాటల్లో ఒకదాన్నే ఎదటివాడి మీదికి విసురుతాడు.

వ్యాఖ్య: గణితంలో కూడా ‘సాధన లేదు’ అంటాం కదండీ. జోషు ‘లేదు’ అలాంటిదేనా?

జవాబు: మంచి ప్రశ్న అండీ. x² + 1 = 0 తీసుకోండి. వాస్తవ సంఖ్యల్లో దీనికి మూలం లేదు. సంకీర్ణ సంఖ్యల్లో రెండున్నాయి. ఎక్కడ లేదో చెప్పనిదే గణితంలో ‘లేదు’ పూర్తి కాదు.

ఇంకా లోతైన ఉదాహరణ గణితవేత్త కాంటర్ 1878లో లేవనెత్తిన ప్రశ్న. పూర్ణసంఖ్యల అనంతానికీ, వాస్తవ సంఖ్యల అనంతానికీ మధ్య ఇంకో అనంతం ఉందా, లేదా? సమితివాదపు మామూలు స్వీకృతాలకు (నిరూపణ లేకుండా ఒప్పుకుని మొదలుపెట్టే నియమాలకు) ‘లేదు’ అని చేర్చినా కొత్తగా వైరుధ్యం రాదని గోడెల్ 1940 నాటికి చూపించాడు. ‘ఉంది’ అని చేర్చినా రాదని కోహెన్ 1963లో చూపించాడు. అటు జోషు కూడా ‘షోయోరోకు’ అనే మరో జెన్ కథల సంకలనం 18వ కథలో కుక్క గురించిన ఇదే ప్రశ్నకు ఒకరితో ‘ఉంది’ అని, ఇంకొకరితో ‘లేదు’ అని అంటాడు. చూడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి.

నేను మాత్రం ఒకటే అనను. గోడెల్ జెన్‌ని నిరూపించాడని రాసేవాళ్లంటే నాకు చిరాకు కూడా. గణితంలో ఏ స్వీకృతాల మీద మాట్లాడుతున్నామో చెప్పేస్తే పేచీ తీరిపోతుంది. జెన్‌లో ఒక శాఖ అయిన రింజాయ్ మఠంలో శిష్యుణ్ణి ఈ ఒక్క అక్షరంతో నెలలు, ఏళ్లు కూర్చోబెడతారు. అతను గురువు గదిలోకి ఒంటరిగా వెళ్లి జవాబు చూపించాలి. “మీరు ఏ అర్థంలో అడుగుతున్నారో దాన్ని బట్టి” అని మొదలుపెడితే గురువు గంట వాయించి పంపేస్తాడు.

వ్యాఖ్య: ధ్యానంలో ఊపిరితో పాటు ‘ము…’ అని సాగదీస్తారు. ‘లేదు’ అలా సాగదు కదా?

జవాబు: సాగదు, నిజమే. సాధన పద్ధతి రాసేటప్పుడు ‘ము’ ఉంచండి. కథ చెప్పేటప్పుడు ‘లేదు’ అనండి. మీ అనువాదంలో భిక్షువు ‘ఉందా?’ అని మాత్రమే అడుగుతుంటే దాన్ని ‘ఉందా, లేదా?’ అని మార్చండి. మూలంలో ఆ రెండో సగం ఉంది. అది పోతే జోషు ఆ మాటను ఎక్కణ్ణుంచి తీసుకున్నాడో పాఠకుడికి తెలియదు.