తక్కువ ఆదాయ కుటుంబాల ఇళ్లకు గ్రీన్ బిల్డింగ్ ప్రమాణాలు తప్పనిసరి చేయాలా?

ఇటుకలబండి:
నగరాల్లో పేదలకు కట్టే ఫ్లాట్లన్నిటికీ గ్రీన్ సర్టిఫికెట్, అంటే కరెంటు, నీళ్లు ఆదా చేసే కట్టడమనే గుర్తింపు, ఉండాల్సిందే అంటున్నారు. నేను వద్దంటాను. ఉన్న డబ్బుకి వంద ఇళ్లు రావాల్సిన చోట తొంభై ఐదే లేస్తే, ఆ ఐదు కుటుంబాలకు ఎవరు జవాబు చెబుతారు?

స్లాబుకింద:
ఏది ఖర్చు, అన్నా? ఎండ మండే ఊళ్లో పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు తిప్పి, కిటికీకి ఎదురుగా కిటికీ పెట్టడానికి ఒక్క సిమెంటు బస్తా కూడా ఎక్కువ పట్టదు. ప్లాను గీసేటప్పుడు బుర్ర పెట్టాలి, అంతే. పై అంతస్తు స్లాబుకి తెల్ల పూత మాత్రం ఖర్చే. అది మిగుల్చుకునేది కట్టేవాడు, ఫ్యాన్ల కింద ఉడికి కరెంటు బిల్లు కట్టేది ఉండేవాడు. ఇద్దరూ ఒకరే అయితే నిబంధనతో పనే లేదు.

లెక్కలపిచ్చి:
ఇంగ్లండులోని నార్విచ్‌లో నగర కౌన్సిల్ అద్దె ఇళ్లనే పాసివ్‌హౌస్ ప్రమాణంతో, అంటే గాలి చొరబడకుండా, లోపలి వేడి బయటికి పోకుండా కట్టింది. 2019లో వాటికి మేటి కట్టడాలకిచ్చే బ్రిటన్ స్టిర్లింగ్ బహుమతి వచ్చింది. ఆ ప్రమాణం ప్రకారం గదులు వెచ్చబెట్టడానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లు దాటకూడదు.

ఇటుకలబండి:
అది చలి దేశం తమ్ముడూ. గాలి చొరబడకుండా బిగించడం అక్కడి అవసరం. ఆ దేశంలోనే 2017లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. మరమ్మతుల్లో గోడలకు తొడిగిన పైపొర వెంట మంట పైకి పాకింది. వేడి ఆపే పొర వేయమనే ముందు అది అంటుకుంటుందో లేదో చూడాలి.

ఇంకోటి. నేను సైటు చూసిన ఒక కాలనీలో గ్రీన్ సర్టిఫికెట్‌కి కావలసిన పాయింట్ల కోసం మురుగునీటి శుద్ధి ప్లాంటు పెట్టారు. సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని నడిపే కరెంటు, మనిషి జీతం కలిపి నెలనెలా ఎంతవుతుందో ఎవరూ అడగలేదు. ఇప్పుడక్కడ సైకిళ్లు పెట్టుకుంటున్నారు.

స్లాబుకింద:
మంట సంగతి ఒప్పుకున్నాను. ప్లాంటు కథ మాత్రం నా వైపు సాక్ష్యమే. కాగితం మీద పాయింట్లు చూసి సర్టిఫికెట్ ఇవ్వొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి పై అంతస్తు పడకగదిలో థర్మామీటరు పెట్టండి. ముందే రాసుకున్న హద్దు దాటితే కాంట్రాక్టరు బిల్లులో కొంత ఆపండి.

ఇటుకలబండి:
ఒక ఎండాకాలం గడిచేదాకా బిల్లు ఆపుతారా? అలాగైతే నేనూ సరే అంటాను. ఆ షరతుకి టెండరు వేసేవాణ్ణి మాత్రం నువ్వే వెతకాలి.