పాత బ్రౌనింగ్ ఆటో-5 బ్యారెల్ కోయించాలా, వద్దా?

పందుల_పొలం: డల్లాస్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1950ల నాటి బెల్జియం బ్రౌనింగ్ ఆటో-5 షాట్‌గన్ కొన్నాను. 12 బోర్. "28 అంగుళాల బ్యారెల్ (గొట్టం), ఫుల్ చోక్" అని చెప్పి ఇచ్చాడు. నాకు బాతుల వేట లేదు. స్నేహితుడి పొలంలో అడవి పందుల కోసం కొన్నాను, పొదల్లోకి దూరితే ప్రతి కొమ్మకీ తగులుతోంది. 20 అంగుళాలకు కోయిద్దామని ఉంది. మీరేమంటారు?

పాత_ఇనుము: వద్దు తమ్ముడూ. దీన్ని రూపొందించిన బ్రౌనింగ్ మహాశయుడు వించెస్టర్ తుపాకుల కంపెనీతో బేరం చెడి, రెమింగ్టన్ కంపెనీ గుమ్మంలో కూర్చుంటే 1902లో అక్కడి పెద్ద గుండె ఆగి పోయాడు. అప్పుడు ఓడెక్కి బెల్జియం వెళ్లి అక్కడి ఎఫ్ఎన్ కంపెనీ చేత చేయించుకున్న తుపాకీ అది. 1998 దాకా చేశారు. పెద్ద ఎత్తున తయారైన మొదటి సెమీ ఆటో షాట్‌గన్‌ని రంపం కింద పెడతావా?

రెండెకరాలు: అన్నా, లక్షల సంఖ్యలో చేసిన తుపాకీ అది, కోహినూర్ కాదు. డబ్బు పెట్టింది అతను, పొదల్లో మోసేది అతను. కోయించుకోనీ.

పాత_ఇనుము: సరే, చరిత్ర పక్కన పెడదాం. ఫుల్ చోక్ అంటే బ్యారెల్ చివర లోపలి వైపు సన్నబడటం. చివర్లో రెండు మూడు అంగుళాలు పోతే అది కూడా పోతుంది. ఫుల్ చోక్ 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో సుమారు 70 శాతం గుళ్లు పెడుతుంది. చోక్ లేని గొట్టం 40 శాతం. పొడుగు తగ్గించాలనుకుంటున్నావు, నిజానికి పోగొట్టుకునేది చోక్.

రెండెకరాలు: పందికి బక్‌షాట్ (పెద్ద గుళ్లు) లేదా స్లగ్ (ఒకటే పెద్ద గుండు). స్లగ్‌కి చోక్ లేకపోవడమే మేలు.

గన్‌_మెకానిక్_హ్యూస్టన్: "కోస్తే తుపాకీ పనిచేయదు" అని ఎవరో అనేలోపే చెబుతాను. ఆటో-5లో పేల్చినప్పుడు బ్యారెల్, బోల్టు (తూటా వెనక మూసే ఇనుప ముక్క) కలిసి వెనక్కి వస్తాయి. మ్యాగజీన్ ట్యూబ్ (తూటాలు ఉండే గొట్టం) మీద స్ప్రింగు, రాపిడి రింగులు ఆ దెబ్బ తీసుకుంటాయి. బ్యారెల్ తేలికైతే వెనక్కొచ్చే వేగం మారుతుంది, అది నిజమే. రింగులు సరిచేసుకుంటే చాలావరకు దారికొస్తుంది. ఇదే డిజైన్‌తో వచ్చిన రెమింగ్టన్ మోడల్ 11, 20 అంగుళాల బ్యారెల్‌తో రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడింది. అడుగున చెక్క పట్టుకొనే మూత విప్పితే బ్యారెల్ ఊడొస్తుంది కదా, పొట్టి బ్యారెల్ వేరే కొనుక్కోరాదా? మేగ్నమ్ (ఎక్కువ బలమైన తూటాల) తుపాకీది మాత్రం మామూలు దానికి పెట్టకండి.

కాగితాలు: చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు, మొత్తం పొడుగు 26కు తగ్గకూడదు. 1934 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయకుండా తగ్గించి పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. కొలత బోల్టు మూసి, దాని ముఖం నుంచి. "18 చాలు" అని అంచున ఆడకండి, రంపం జారితే టెన్షన్ మీకే. అన్నట్టు, హెచ్1బీ మీద ఉంటే తుపాకీ ఉండాలంటేనే వేట లైసెన్సు లాంటి మినహాయింపు కావాలి.

పందుల_పొలం: గ్రీన్‌కార్డు ఉంది సార్, ఆ భయం లేదు.

హైదరాబాద్_వకీలు: ఇండియాలోని మిత్రులు ఇది చదివి ఉత్సాహపడొద్దు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం బ్యారెల్ కుదించడానికి విడిగా లైసెన్సు ఉండాలి. తాతగారి తుపాకీ అయినా అంతే.

గన్‌_మెకానిక్_హ్యూస్టన్: పొలంగారూ, వాదన పెరిగేలోపు ఒక పని చేయండి. తూటాలు తీసేసి, చాంబర్ ఖాళీయో కాదో రెండుసార్లు చూసుకొని, బ్యారెల్ విడదీయండి. దాని మూతి దగ్గర పది సెంట్ల డైమ్ పెట్టండి. నిజంగా ఫుల్ చోక్ అయితే 12 బోర్‌లో డైమ్ దూరదు. పెట్టే ముందు కొలత కూడా తీయండి.

పందుల_పొలం: చూశాను. డైమ్ సుళువుగా లోపలికి జారింది! మూతి నుంచి కొలిస్తే 27కు పావంగుళం తక్కువ వచ్చింది. పక్కన నక్షత్రం గుర్తు మాత్రం ఒకటే ఉంది.

గన్‌_మెకానిక్_హ్యూస్టన్: ఒక నక్షత్రం ఎఫ్ఎన్ లెక్కలో ఫుల్ చోక్. అంటే మీకంటే ముందే ఎవరో కోసేశారు. ముందు బీడ్ (మూతి మీద గురి చూసే పూస) చూడండి, సరిగ్గా మధ్యలో ఉందా?

పందుల_పొలం: కొంచెం ఎడమకి ఒరిగింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

పాత_ఇనుము: అయ్యో. ఇంతసేపూ నేను పోయినదాని కోసం ఏడ్చానన్నమాట. ఇక నాకు అభ్యంతరం లేదు, కోయించు. మంచి గన్‌స్మిత్ చేత 20కే చేయించి, వీలైతే మార్చుకొనే స్క్రూ చోక్ పెట్టించు.

రెండెకరాలు: నేనైతే 22 దగ్గర ఆగుతా.

పందుల_పొలం: ముందు పక్కింటాయన తలుపు కొట్టి, ఎవరు కోశారో అడిగి వస్తాను.