రొయ్య సీడ్ లెక్క: ఫోన్ కెమెరా మాట నమ్మొచ్చా?

ఉండి_చెరువుగట్టు: మొన్న సీడ్‌కి, అదే చెరువులో వదిలే రొయ్య పిల్లలకి, వెళ్తే హేచరీలో టబ్బు మీద ఫోన్ పెట్టి ఒక్క ఫోటో కొట్టి 412 అన్నారండి, అదే టబ్బు నేనూ మా తమ్ముడూ కూచుని చెంచాతో తోడి లెక్కెడితే 371. ఇదేం లెక్కండి, అందరూ కంప్యూటర్ చెప్పింది కాబట్టి రైటే అంటారు

పాలకొల్లు_పాతకాపు: ఆయ్, అందుకే చేతి లెక్కే మేలు

కాకినాడ_కోడర్: చేతి లెక్క అంటే ఏం చేస్తారు బాబాయ్, ఒక టబ్బు లెక్కెట్టి మిగతావి దాంతో కంటి చూపుతో పోలుస్తారు, అదీ అంచనాయేగా. కెమెరాకి అసలు రొయ్యంటే ఏంటో తెలీదు, దానికి అందేది అంకెలే. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు, ఒక్కోటీ 0 నుంచి 255 లోపు, 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే కోటీ 20 లక్షల చుక్కలు, అంకెలు 3 కోట్ల 60 లక్షలు. వెలుగు ఠక్కున మారిన చోట అంచు పట్టుకుంటది, అంచులు కలిపి ఆకారం అనుకుంటది. ఇదంతా మనం రాసిచ్చేది కూడా కాదు, మనుషులు ఫోటోల్లో వేల రొయ్య పిల్లల మీద గుర్తులు పెట్టి చూపిస్తే అదే నేర్చుకుంటది (2012లో అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాం, ఫోటోలో ఏముందో గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీ గెలిచాకే ఈ పద్ధతి ఊపందుకుంది). సీడ్ ఒళ్ళంతా అద్దంలా ఉంటది కదా, దానికి తేలిగ్గా దొరికేది రెండు నల్ల కళ్ళూ, ఆ పేగు గీతా. పక్కనుంచి లైటు పడితే పిల్ల ఒకటి, నీడ ఒకటి, రెండైపోతాయి. గాలి బుడగలూ అంతే. మీ 41 తేడా అక్కడే వచ్చుంటది

పాలకొల్లు_పాతకాపు: ఒకదాని మీద ఒకటెక్కితే?

కాకినాడ_కోడర్: అప్పుడు తగ్గుతుంది. పలచగా పోయాలి

అమలాపురం_ఆక్వా: సీడ్ సంగతి వదిలేయండి, చెరువులోనే కెమెరా దింపి సైజు చెప్తామని తిరుగుతున్నారు మా వైపు. మన నీళ్ళలో అడుగు, అడుగున్నర దాటి కనపడదు, కనపడిందంటే ప్లాంక్టన్ (నీళ్ళకి రంగిచ్చే కంటికానని నాచూ జీవులూ) పోయిందని మనమే కంగారు పడతాం. పైగా ఒక్క కెమెరాకి దగ్గరున్న చిన్న రొయ్యా దూరంగా ఉన్న పెద్ద రొయ్యా ఒకేలా ఉంటాయి, పక్కన కొలత తెలిసిన వస్తువో రెండో కెమెరానో లేకపోతే సైజు ఎట్టా చెప్తది? నేనైతే విసురు వలేసి తూకమేసుకుంటా, కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, అదే తేలుద్ది

కాకినాడ_కోడర్: చెరువు మటుకు ఒప్పుకుంటానండి. తెల్ల టబ్బులో మాత్రం, కిందనుంచి లైటు పెట్టి తీస్తే నీడ గొడవే ఉండదు, అప్పుడు చెంచా కంటే నయం

ఉండి_చెరువుగట్టు: సరే, శనివారం మళ్ళీ వెళ్తున్నా. కిందనుంచి లైటు పెట్టమంటా, చెంచా కూడా పట్టుకెళ్తా. పెట్టం అన్నారనుకోండి, 371 లెక్కనే డబ్బులిస్తా