ముక్కు కారుతున్న పిల్లవాణ్ణి బడికి పంపడం తప్పా?

అల్లరిఇల్లు:
మాకు ఆరేళ్ళవాడు ఒకడు, నాలుగేళ్ళవాడు ఒకడు. చలికాలం మొదలైనప్పటి నుంచి పెద్దవాడికి తగ్గిందనుకునేసరికి చిన్నవాడికి, వాడు కోలుకునేసరికి మళ్ళీ పెద్దవాడికి జలుబు అంటుకుంటూనే ఉంది. జ్వరం లేదు, చక్కగా తింటున్నాడు, ఇల్లంతా పీకి పందిరి వేస్తున్నాడు కదా అన్న ధైర్యంతో నిన్న చిన్నవాణ్ణి బడికి పంపితే, తోటి తల్లి ఒకరు "మీ వల్లనే మా పిల్లలు మంచాన పడుతున్నారు" అని నిష్ఠూరమాడారు. ముక్కు కారిన ప్రతిసారీ బడి మాన్పించవలసిందేనా?

చలిమంట:
మాన్పించవలసిందే. జలుబు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా అంటుకుంటుంది. పైగా ఈ వయసు మగపిల్లలు ఎడంగా కూర్చుని ఆడుకునే రకం కాదు, ఒకరి మీద ఒకరు పడి దొర్లుతారు. దగ్గు వస్తే మోచేతిని అడ్డం పెట్టుకోవాలని మావాడికి ఓపికగా నేర్పించాను. వాడు ఎంతో బుద్ధిగా పక్కనున్న తమ్ముడి మోచెయ్యి లాక్కుని అందులో దగ్గాడు. ఇటువంటి వాళ్ళను నమ్మి బడికి ఎలా పంపుతారు?

పగటిపని:
చలిమంట గారు, ఒకసారి లెక్క చూడండి. చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే, అందులోనూ చలికాలంలో ఎక్కువ. ఒక్కొక్కటి వారం పది రోజులు ఉంటుంది, దగ్గయితే రెండు మూడు వారాల దాకా వదలదు. ఇద్దరు పిల్లలకూ మీ నియమం పాటిస్తే చలికాలంలో సగం రోజులు ఇంట్లోనే గడపాలి. నాబోటి ఉద్యోగస్థులకు అన్ని సెలవులు ఎవరిస్తారు? అంత చేసినా ఫలితం అరకొరే, ఎందుకంటే ముక్కు కారడం మొదలవడానికి ముందురోజు నుంచే వైరస్ పక్కవాళ్ళకు పాకగలదు. చీమిడి పచ్చబడగానే యాంటీబయాటిక్ రాయమని డాక్టరు మీద పడే వాళ్ళను చూసినా నాకు ఇదే చిరాకు. రంగు మారడం మామూలు జలుబులోనూ ఉంటుంది, వైరస్ మీద ఆ మందు పనిచేయదు.

నల్లబల్ల:
నేను చిన్న తరగతులకు పాఠం చెబుతాను. కారే ముక్కులతో నాకు పేచీ లేదు. జ్వరం ఉన్న పిల్లవాడికి పొద్దున్నే పారాసిటమాల్ పట్టించి పంపేవారితోనే నా పేచీ అంతా. ఆ మందు 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది, ఆ తర్వాత పిల్లవాడు ఎర్రబడిన కళ్ళతో బల్ల మీద తల వాల్చేస్తాడు. "గులాబీరంగు మందు తాగానని టీచరుతో చెప్పొద్దంది అమ్మ" అని వాడే నా చెవిలో చెబుతాడు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, అంతకు మించి జ్వరం వస్తే, మందు లేకుండానే తగ్గి 24 గంటలు గడిచేదాకా పంపకండి. వాంతులు, విరేచనాలు అయితే ఆగాక 48 గంటలు ఆగండి. మగపిల్లల్లో కాస్త ఎక్కువగా కనిపించే క్రూప్, అంటే గొంతు లోపలి గాలిదారి వాచే జబ్బు, వచ్చి కుక్క మొరిగినట్టు దగ్గుతున్నా ఇంట్లోనే ఉంచండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊపిరి పీలుస్తుంటే గరగర శబ్దం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

చలిమంట:
జ్వరం సంగతి ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో నెలల పాప ఉంది. మీ తరగతిలో ముక్కు కారడంతో సరిపోయే ఆర్‌ఎస్‌వి అనే వైరస్, పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలను వాచేలా చేసి ఆసుపత్రి దాకా తీసుకుపోగలదు. పిల్లవాడు హుషారుగానే ఉన్నాడు కదా అనే మీ కొలమానంలో మా పాపకు చోటెక్కడ?

పగటిపని:
లేదు, అది నిజమే. అయినా ఆ కాపలా బడి గుమ్మం దగ్గర కన్నా మీ ఇంటి గుమ్మం దగ్గరే బాగా సాగుతుంది: వాడు రాగానే 20 సెకన్లు సబ్బుతో చేతులు కడిగించి, చొక్కా మార్చాకే పాప దగ్గరికి పోనివ్వండి, జలుబుంటే ముద్దులు మాన్పించండి.

చలిమంట:
ముద్దులు మాన్పించడమా! మీకు మావాడి సంగతి తెలియదు. మొదటి మూడు రోజులు మాత్రం నేను ఇంట్లోనే ఉంచుతాను.